వార్ధా లోయ ఓపెన్‌కాస్ట్ గనులు: నేల గురించి, బావి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని రాజురా, బల్లార్‌పూర్, ఘుగుస్, వణీ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో గని మాట వచ్చినప్పుడల్లా వినిపించే ప్రశ్నలివి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి బొగ్గుబాయిల్లో, కాగితపు మిల్లులో కుదురుకున్న కుటుంబాలు కొన్ని. రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న కాలం నుంచీ ఇక్కడే పత్తి, జొన్న పండించుకుంటున్నవి మరికొన్ని. గని కాగితాలు మాత్రం మరాఠీలోనో, ఇంగ్లీషులోనో వస్తాయి. ఒకే ఇంట్లో అన్న డంపర్ నడుపుతుంటాడు, తమ్ముడు ఎండిన బావికి పరిహారం అడుగుతూ అర్జీ రాస్తుంటాడు. ఈ జవాబులు ఎవరి పక్షం అని అడిగితే, బావి పక్షం.

ఇక్కడి బొగ్గూ సింగరేణి బొగ్గూ ఒకటేనా?

కంపెనీలు వేరు, నేల ఒకటే. గోదావరి లోయ నుంచి వాయవ్యంగా ప్రాణహిత, వార్ధా నదుల వెంట గోండ్వానా శిలల పట్టీ ఒకటి సాగుతుంది. కొత్తగూడెం, రామగుండం, బెల్లంపల్లి, బల్లార్‌పూర్, వణీ అన్నీ దాని మీదే ఉన్నాయి. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి అడవులు పూడిపోయి ఈ బొగ్గు అయింది. బొగ్గున్న శిలలను బారాకర్ శ్రేణి అంటారు. వార్ధా లోయలో ప్రధానమైన పొర చాలా చోట్ల 15–20 మీటర్ల మందం ఉంటుంది. ఇంత మందం గల పొర అంత లోతు లేకుండా దొరకడం గని యజమానికి పండగ.

రైతు తెలుసుకోవలసింది ఆ పైపొర సంగతి. బారాకర్ మీద కామ్ఠీ ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. పడమటి వైపు, వణీ దిక్కున, దాని మీద దక్కన్ బసాల్టు, ఆపైన నల్లరేగడి. ఈ కామ్ఠీ ఇసుకరాయిలో గింజల సందుల్లో, పగుళ్లలో నీరు బాగా నిలుస్తుంది. ఇక్కడి మంచి బోర్లు చాలావరకు దీని చలవే. అంటే బొగ్గుకు కప్పుగా ఉన్న రాయీ, మన ఊళ్లకు నీరిచ్చే రాయీ ఒకటే. ఓపెన్‌కాస్టు పద్ధతిలో, అంటే పైనుంచి తవ్వి బొగ్గు తీయాలంటే ముందు ఆ నీటి గిడ్డంగినే తొలగించాలి. కింది జవాబుల్లో సగం ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

మా తాతల కాలంలో భూగర్భ గనులే ఉండేవి. ఓపెన్‌కాస్టుకు ఎందుకు మారారు?

ఖర్చు, వేగం. ఈ ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1871లో వరోరాలో మొదలైంది. ఆ తర్వాత బల్లార్‌పూర్, ఘుగుస్, రాజురా దిక్కున సొరంగాలు దిగాయి. 1973లో గనుల జాతీయీకరణ, 1975లో కోల్ ఇండియా కింద నాగపూర్ కేంద్రంగా వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పాటు జరిగాయి. పెద్ద షావెళ్లు, డంపర్లు వచ్చాక లెక్క తిరగబడింది. భూగర్భ గనిలో కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలేయాలి కాబట్టి చాలా బొగ్గు లోపలే ఉండిపోతుంది. ఓపెన్‌కాస్టులో దాదాపు మొత్తం బయటకు వస్తుంది. మనుషుల అవసరమూ తక్కువే. ఇప్పుడు కోల్ ఇండియా ఉత్పత్తిలో 90 శాతానికి పైగా ఓపెన్‌కాస్టు గనులదే. సాస్తీ, పౌనీ, దుర్గాపూర్, పద్మాపూర్, నీల్జయీ, ముంగోలీ, ఉకనీ పేర్లు ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

ఒక టన్ను బొగ్గు కోసం ఎంత మట్టి తీస్తారు?

గనిని బట్టి మారుతుంది. గని కాగితాల్లో దీన్ని స్ట్రిప్పింగ్ నిష్పత్తి అంటారు. టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టీ రాయీ తొలగించాలో చెప్పే సంఖ్య ఇది. పర్యావరణ నివేదిక చేతికి వస్తే ముందు వెతకవలసింది దీన్నే.

లెక్క తెలియడానికి ఒక ఊహాగని తీసుకుందాం. ఏటా 10 లక్షల టన్నుల బొగ్గు, నిష్పత్తి 5 అనుకుంటే, ఏటా 50 లక్షల ఘనపు మీటర్ల ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు మీది మట్టీ రాయీ) బయటకు వస్తుంది. పేల్చి తవ్విన రాయి మళ్లీ అంతే జాగాలో ఇమడదు. పావు వంతు ఉబ్బుతుందనుకున్నా 62 లక్షలు దాటింది. దాన్ని 60 మీటర్ల ఎత్తున నిట్టనిలువు గోడలతో పోసినా 10 హెక్టార్లు కావాలి. మట్టి నిట్టనిలువుగా నిలవదు, పక్కలకు వాలుతుంది. కాబట్టి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇది ఒక్క సంవత్సరం మట్టి.

మొదటి కొన్నేళ్లు ఈ మట్టిని గని బయట పోయక తప్పదు, ఎందుకంటే గుంతలో ఇంకా ఖాళీ లేదు. బొగ్గు తీసేసిన భాగం పెరిగాక లోపలే పోస్తూ ముందుకు జరగవచ్చు. మంచి గని ఎంత త్వరగా లోపలి పూడికకు మారితే అంత తక్కువ భూమి మింగుతుంది. మా దిక్కున బయటి గుట్టలు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉండటం చూస్తే, ఈ మార్పు కాగితం మీద జరిగినంత చురుగ్గా నేల మీద జరగడం లేదనిపిస్తుంది.

ఆ గుట్టల మీద చెట్లు మొలిచాయి, పచ్చగా ఉన్నాయి. ఇంకా గోల ఎందుకు?

పచ్చదనంలో రకాలున్నాయి. భూమి పై అడుగు, రెండడుగుల మట్టిలోనే ప్రాణం ఉంటుంది. దాన్ని విడిగా తీసి, విడిగా పోసి, చివర్లో మళ్లీ పైన పరచాలన్నది పర్యావరణ అనుమతిలో ఉండే షరతు. అలా పరిచిన చోట వేప, వెదురు, శిశు లాంటివి నిలుస్తాయి. పరచని చోట రాయి మీద సర్కారు తుమ్మ, సుబాబుల్ మాత్రమే బతుకుతాయి. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి కింద గడ్డి ఉందో లేదో చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. గని మూసిన భూమిలో పశువులకు పనికొచ్చే గడ్డి తిరిగి పెంచాలన్న షరతు పెట్టమని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. పశువులున్న ఊళ్లవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇంకో చిక్కు కూడా ఉంది. తాడోబా అడవికి దగ్గరలోని గనుల చుట్టూ తుమ్మ కమ్మిన గుట్టల్లో చిరుతలు, పులులు మకాం వేస్తున్నాయి. దుర్గాపూర్ దిక్కు కాలనీల్లో పొద్దుగూకాక పిల్లల్ని బయటికి పంపకపోవడానికి కారణం అదే. అడవి తగ్గి పులి ఊళ్లోకి వచ్చిందంటారు. ఇక్కడ ఊరి పక్కనే కొత్త అడవి లేచింది, అదీ ఎవరూ కోరని చోట.

మా బోరు గనికి రెండు కిలోమీటర్ల అవతల ఉంది. అయినా నీళ్లెందుకు తగ్గాయి?

బియ్యపు రాశి నడిమి నుంచి దోసిళ్లతో తీస్తూ పోతే చుట్టూ ఉన్న గింజలు ఆ గుంతలోకి జారుతూ ఉంటాయి. భూమిలో నీరూ అంతే. కాకపోతే చాలా నెమ్మది. గని గుంత నీటిమట్టం కంటే లోతుకు వెళ్లగానే చుట్టుపక్కల ఇసుకరాయిలోని నీరు అన్ని వైపుల నుంచీ గుంతలోకి ఊరుతుంది. బొగ్గు తవ్వాలంటే అడుగు పొడిగా ఉండాలి. అందుకని అట్టడుగున సంపు కట్టి పంపులతో రాత్రింబవళ్లు తోడేస్తారు. తోడినకొద్దీ నీటిమట్టం గుంత దగ్గర బాగా లోతుకు, దూరంగా వెళ్లేకొద్దీ కొంచెం కొంచెంగా, గరాటు ఆకారంలో దిగుతుంది. గని లోతు పెరిగిన కొద్దీ ఆ గరాటు వెడల్పూ పెరుగుతుంది. నీరు రాతిలో ఎంత వేగంగా కదులుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 1856లోనే ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇచ్చాడు. గని నివేదికల్లోని ప్రభావ దూరం అంకెలన్నీ ఆ సూత్రం మీద కట్టినవే.

ఇక బోరుకూ చేదబావికీ తేడా ఉంది. చేదబావి సాధారణంగా పైపొరలోని నీటిని అందుకుంటుంది. ఆ నీటికి పైన మూత లేదు, ఖాళీ అయ్యేది మెల్లగా. లోతు బోరు మాత్రం చాలాచోట్ల కింద, పైన బంకమట్టి పొరల మధ్య ఒత్తిడితో బిగిసి ఉన్న నీటిని అందుకుంటుంది. అలాంటి పొరకు ఒకచోట గండి పడితే అసలు నీరు అక్కడికి చేరకముందే ఒత్తిడి తగ్గుదల కిలోమీటర్ల దూరం పాకుతుంది. గని పక్కనున్న చేదబావిలో ఇంకా నీళ్లుండగా, రెండు కిలోమీటర్ల అవతలి బోరు మోటారు గాలి పీల్చడంలో వింత లేదు. అధికారి వచ్చి "గనికి దగ్గరి బావిలోనే నీళ్లున్నాయి, మీది ఎలా ఎండుతుంది?" అని అడిగితే జవాబు ఇదే.

ఇది తోడేయడం వల్ల జరిగేది. పైనుంచి ఇంకడమూ తగ్గుతుంది. వాగును మళ్లిస్తారు. ఊరి కుంట గనిలో కలిసిపోతుంది. డంపర్ల రాకపోకలకు గట్టిపడ్డ నేల మీద, గుట్టల వాలు మీద వాన నీరు ఆగకుండా పారిపోతుంది. చంద్రపూర్ జిల్లాలో ఏటా 1,200 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడుతుంది, అదీ దాదాపు అంతా జూన్–సెప్టెంబరు మధ్యే. ఆ నాలుగు నెలల్లో ఇంకనిది ఆ ఏడాదికి ఇక ఇంకదు. మే నెలలో ఇక్కడి ఎండ 46 డిగ్రీలు దాటినప్పుడు ఆ లోటు కడవల్లో కనిపిస్తుంది.

పక్క ఊళ్లో మాత్రం బావులు నిండుగానే ఉన్నాయి. మరి తప్పు గనిదేనా?

అన్నిచోట్లా గనిదే కాదు. ఈ మాట చెప్పినందుకు ఊళ్లో కొందరు కోప్పడతారు. కానీ అడ్డంగా వాదిస్తే అర్జీ బలహీనపడుతుంది. భూమి లోపల భ్రంశాలు ఉంటాయి, అంటే రాతిపొరలు విరిగి పక్కకు జరిగిన చోట్లు. అలాంటి చోటు ఒకవైపు నుంచి వచ్చే నీటిని గోడలా ఆపవచ్చు, లేదా కాలువలా లాక్కుపోవచ్చు. బసాల్టు మీద ఉన్న ఊరి బావికీ ఇసుకరాయి మీది బోరుకూ సంబంధమే లేకపోవచ్చు. నది ఒడ్డున ఉన్న బావికి నదే నీరిస్తుంది. దీనికి తోడు పత్తికి, మిర్చికి మనమే వేసుకున్న బోర్ల సంఖ్య తక్కువేమీ కాదు.

గని ప్రభావాన్ని కరువు నుంచి, మన తోడకం నుంచి విడదీయడానికి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వానలు బాగా పడిన ఏడాది కూడా నవంబరు మట్టం పాత నవంబరు మట్టానికి చేరకపోతే అది కరువు కాదు. గనికి దగ్గరి బావుల్లో ఎక్కువ, దూరపు బావుల్లో తక్కువ, గనికి అవతలి వైపు బావుల్లోనూ అదే తీరు కనిపిస్తే గరాటు ఆకారం బయటపడినట్టే. గని కొత్త బెంచీ, అంటే ఇంకో మెట్టు లోతుకు, దిగిన ఏడాదే తగ్గుదల మొదలైతే అది మరో ఆధారం. ఒక్క బావి చూపించి వాదించేవాడికి నష్టం. పది బావుల కొలతలు తెచ్చినవాడి మాట తోసిపుచ్చడం కష్టం.

బావి కొలతలు మేమే రాసుకోవచ్చా? ఎవరైనా నమ్ముతారా?

రాసుకోవాలి. గని మొదలుకాకముందు నుంచే రాసుకోవాలి. మొదటి డంపర్ వచ్చాక రాసిన పుస్తకానికి సగం విలువే. గనికి ముందు బావి ఎలా ఉండేదో చెప్పేది మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఉంటే గని దగ్గరే ఉంటుంది.

పని చిన్నది. తాడుకు బరువు కట్టి, బావి గట్టు మీద ఒకే చోట రంగుతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి నీటి వరకు టేపుతో కొలవాలి. గట్టు నేల కంటే ఎంత ఎత్తుందో కూడా ఒకసారి రాసి ఉంచాలి. మోటారు ఆపి కనీసం రాత్రంతా ఆగి, తెల్లవారుజామున కొలవాలి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావులను ఏటా నాలుగు సార్లు కొలుస్తుంది: జనవరిలో, ఎండాకాలంలో వానలకు ముందు, ఆగస్టులో, నవంబరులో. మీరూ ఆ నెలల్లోనే కొలిస్తే మీ అంకెల పక్కన వాళ్ల అంకెలు పెట్టి చూడవచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వ భూజల సర్వేక్షణ సంస్థకూ జిల్లాలో పరిశీలన బావులు ఉన్నాయి. సమాచార హక్కు దరఖాస్తుతో వాటి పాత కొలతలు అడగవచ్చు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీస్తే తేదీ, చోటు దానితోనే నమోదవుతాయి. కొలిచినప్పుడల్లా గ్రామ పంచాయతీలో ఒక ప్రతి ఇచ్చి ముద్ర వేయించుకుంటే, తర్వాత "ఇప్పుడు కూర్చుని రాశారు" అనే మాటకు చోటుండదు.

గని యాజమాన్యం కూడా ఊరికే తోడకూడదు. భూగర్భ జలం తోడటానికి కేంద్ర అథారిటీ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. 2020 సెప్టెంబరు మార్గదర్శకాలు గనులకూ వర్తిస్తాయి. గని చుట్టూ పీజోమీటర్లు, అంటే మట్టం కొలవడానికే వేసిన సన్నని బోర్లు, పెట్టి లెక్కలు సమర్పించాలి. ఆ లెక్కలు మీ ఊరి గురించినవి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

గని తోడిన నీళ్లు ఎటు పోతాయి?

కొన్ని గనిలోనే దారుల మీద దుమ్ము లేవకుండా చల్లడానికి. మిగతావి చెరువుల్లాంటి గుంటల్లో నిలబెట్టి, మట్టి అడుగుకు దిగాక, దగ్గరి నాలాలోకి. అక్కడి నుంచి ఇరాయీ, వార్ధా, పెన్‌గంగ. కొన్నిచోట్ల కంపెనీ ఆ నీటిని ఊళ్లకు, పొలాలకు, విద్యుత్ కేంద్రాలకు ఇస్తోంది. నాగపూర్ దిక్కున వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గని నీటినే శుద్ధి చేసి సీసాల్లో నింపి అమ్మింది.

ఇందులో ఒక మెలిక ఉంది. నాలా కింది రైతుకు ఎండాకాలంలో కూడా నీరు వస్తుంది, అతను రెండో పంట వేసుకుంటాడు, గని చల్లగా ఉండాలంటాడు. గట్టు మీది రైతు బావి ఎండింది, గని పాడుగాను అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే నీరు. గని మూసిన రోజున మొదటి రైతు నీరూ ఆగిపోతుంది. ఊరి కమిటీ కూర్చున్నప్పుడు ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా తీర్మానం రాయకండి.

ఆ నీళ్లు తాగవచ్చా?

పరీక్ష చేయించకుండా తాగవద్దు. గని నీరు ఎర్రగానో నల్లగానో ఉంటేనే చెడ్డదన్న నమ్మకం తప్పు. తేటగా కనిపించే నీటిలోనే కరిగిన లవణాలు ఎక్కువ ఉండవచ్చు. బొగ్గులో, దాని చుట్టూ ఉన్న రాతిలో పైరైట్ అనే ఇనుము–గంధకం ఖనిజం ఉంటుంది. గాలి, నీరు తగిలితే అది ఆమ్లంగా, సల్ఫేటుగా మారుతుంది. గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా తక్కువ కాబట్టి ఈశాన్య రాష్ట్రాల గనుల్లో లాగా నదులు ఎర్రబడేంత ఆమ్లం ఇక్కడ అరుదు. కాఠిన్యం, సల్ఫేటు మాత్రం పెరుగుతాయి. పేలుడు పదార్థాల్లో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది కాబట్టి నైట్రేటు కూడా చూడాలి. అయితే యూరియా వల్ల కూడా నైట్రేటు వస్తుందని మరచిపోవద్దు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు సల్ఫేటు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 400 వరకు. కరిగిన మొత్తం లవణాలు 500, దిక్కులేనప్పుడు 2,000. నైట్రేటు 45, దీనికి సడలింపు లేదు. ఫ్లోరైడు 1, గరిష్ఠంగా 1.5.

ఫ్లోరైడు మాట విడిగా చెప్పాలి. చంద్రపూర్ జిల్లాలో కొన్ని తాలూకాల్లో ఫ్లోరైడు రాతి నుంచే సహజంగా వస్తుంది. గని లేని ఊళ్లలోనూ పళ్లు గారపట్టిన పిల్లలు కనిపిస్తారు. ఆ జబ్బును గని ఖాతాలో వేస్తే అవతలివాళ్లు ఒక్క పరీక్షతో మీ అర్జీ మొత్తాన్నీ కొట్టేస్తారు. అదే సమయంలో, పై బావి ఎండి మరింత లోతు బోరు వేసుకున్నాక ఫ్లోరైడు పెరిగిందేమో చూడండి. అప్పుడు సంగతి వేరు.

బ్లాస్టింగుకు బావి గోడలు, ఇంటి గోడలు పగులుతాయా?

పగలవచ్చు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో హద్దులు పెట్టింది. కంపెనీవి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం, కంపనం నెమ్మదిగా ఉన్నప్పుడు, అంటే 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) లోపు, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8–25 మధ్య 10, ఆపైన 15. కంపనం ఎంత నెమ్మదిగా ఉంటే ఇంటికి అంత ప్రమాదం. పేల్చే వేళకు మీ ఇంటి దగ్గర పరికరం పెట్టి కొలవమని అడగండి. కొలిచిన కాగితం ప్రతి తీసుకోండి.

ఘుగుస్‌లో ఇల్లు భూమిలోకి దిగిపోయింది. అది ఓపెన్‌కాస్టు వల్లనేనా?

2022 ఆగస్టులో ఘుగుస్ పట్టణంలో ఒక ఇల్లు ఉన్నపళంగా గుంతలోకి కూరుకుపోయింది. దాని కింద ఉన్నది పాత భూగర్భ గని ఖాళీ. అది ఓపెన్‌కాస్టు దోషం కాదు, మునుపటి తరం తవ్వకాల అప్పు. వార్ధా లోయలో ఈ రెండూ పక్కపక్కనే, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటిగా ఉన్నాయి. ఇల్లు కట్టే ముందు కింద పాత గని ఉందేమో పటం చూసి విచారించుకోవాలి. చవకగా వచ్చిందని కొన్న ప్లాటు అయితే ముఖ్యంగా.

వరదలకు మట్టి గుట్టలే కారణమా?

నది పొంగినప్పుడు పక్కకు పరుచుకోవడానికి దానికి స్థలం కావాలి. ఒడ్డు మీద గుట్ట పోస్తే, లేదా గనిలోకి నీరు రాకుండా కట్ట కడితే, ఆ స్థలం పోతుంది, నీరు ఎదుటి ఒడ్డు మీదికి వెళ్తుంది. వార్ధా, ఇరాయీ వరదల తర్వాత ఊళ్లవాళ్లు చేసే ఫిర్యాదు ఇదే. గుట్టల నుంచి కొట్టుకొచ్చిన మట్టి నది అడుగును పైకి లేపుతుంది కూడా. 2022 జూలై–ఆగస్టు వరదల్లో చంద్రపూర్ జిల్లా తీవ్రంగా నష్టపోయింది. అయితే ఆ ఏడాది వానలూ విపరీతమే, ఎగువ ఆనకట్టల గేట్లూ తెరిచారు. గుట్టల వాటా ఎంతో చెప్పాలంటే వరద గుర్తులు, ఒడ్డు పటాలు కావాలి. వరద తగ్గగానే గోడ మీద నీటి గీత దగ్గర తేదీ వేసి ఫొటో తీసి పెట్టుకోండి.

గని మూశాక నీళ్లు తిరిగి వస్తాయా?

వస్తాయి. ఎప్పుడు, ఎలాంటివి అన్నదే ప్రశ్న.

పంపులు ఆపగానే గుంత నిండటం మొదలవుతుంది. కానీ ముందు గరాటంతా నిండాలి. అది ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాల పని. పైగా వార్ధా లోయలో గనులు గుత్తులుగా ఉంటాయి. ఒకటి మూస్తే పక్కది తోడుతూనే ఉంటుంది. రెండు గరాట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే, మీ పక్క గని మూసినా మీ బావి కోలుకోదు. ఇది ఒక్కో గని నివేదికలో విడివిడిగా చదివితే కనిపించదు. ప్రతి గనీ తన వల్ల కొద్దిపాటి ప్రభావమే ఉందని రాస్తుంది. అన్నీ కలిపితే ఎంతన్నది ఎవరి నివేదికలోనూ బాధ్యతగా ఉండదు.

లోపల పూడ్చిన ఓబీలో కూడా నీరు నిలుస్తుంది. కానీ అది పాత ఇసుకరాయి కాదు. పొరలు కలగాపులగమైన, కొత్తగా పగిలిన రాయి. అందులోంచి వచ్చే నీటిలో కరిగిన లవణాలు ఎక్కువే. ఆ పూడిక ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది, కాబట్టి వెంటనే ఇళ్లు కట్టడానికి పనికిరాదు. చివరి గుంతను పూర్తిగా పూడ్చకుండా చెరువుగా వదిలేస్తారు. చేపల పెంపకం, సాగునీరు అని పటంలో రాస్తారు. నిటారు గట్లున్న వంద మీటర్ల గుంతలోకి పశువు దిగే దారి ఎక్కడ, కంచె ఎవరు కాపాడతారు అన్నది ఇప్పుడే అడగాలి. చంద్రపూర్ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బూడిదతో గుంతలు నింపే ప్రతిపాదనలు వస్తే, అడుగున నీరు ఊరే పొర ఉందా, బూడిదకూ దానికీ మధ్య ఏమి పరుస్తారు, కింది వైపు ఏ బావుల్లో పరీక్ష చేస్తారు అని అడగండి.

మూసివేతకు డబ్బు ముందే పక్కన పెట్టించే నియమం 2009 నుంచి ఉంది. అప్పట్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు సుమారు 6 లక్షల రూపాయలు లెక్కకట్టారు, తర్వాత ఆ రేటు మారింది. ఆ డబ్బును ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా కంపెనీ తీసుకోలేని ఖాతాలో, ఏటా జమ చేయాలి. పని జరిగిందని ధ్రువీకరించాకే కొంత కొంత తిరిగి తీసుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు ఊరు అక్కడ ఉండాలి.

మా భూమి తీసుకుంటున్నారు. గ్రామసభ ఒప్పుకోకపోతే ఆగుతుందా?

సాధారణంగా ఆగదు. ఇది చేదుగా ఉన్నా ముందే తెలుసుకోవడం మేలు. ప్రభుత్వ బొగ్గు కంపెనీలకు భూమి ఎక్కువగా 1957 నాటి బొగ్గు గల ప్రాంతాల చట్టం కింద తీసుకుంటారు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, సమ్మతి నిబంధనలు దీనికి వర్తించవు. పరిహారం, పునరావాసం లెక్కలు మాత్రం 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే ఇవ్వాలి. 1957 చట్టం సెక్షన్ 7 నోటిఫికేషన్ వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఆ 30 రోజులు గెజిట్ తేదీ నుంచి, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర ఎప్పటికప్పుడు విచారిస్తూ ఉండాలి.

రాజురా దిక్కువాళ్లకు ఇంకో తలనొప్పి. ఈ తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది, తర్వాత నాందేడ్‌కు, 1959లో చంద్రపూర్‌కు మారింది. పాత రికార్డులు ఉర్దూలో, తాతల పేర్లు ఒక లిపి నుంచి ఇంకో లిపికి మారుతూ వచ్చి సాత్‌బారాలో (మహారాష్ట్ర భూమి రికార్డు పత్రంలో) గుర్తుపట్టలేనంతగా ఉంటాయి. నోటిఫికేషన్ రాకముందే వారసత్వ మార్పు చేయించుకోండి. కోల్ ఇండియా 2012 విధానంలో రెండు ఎకరాలకు ఒక ఉద్యోగం లెక్క ఉంది. పేరు సరిగా లేకపోతే ఆ ఉద్యోగం అన్నదమ్ముల మధ్య తగాదాగా మారుతుంది. నోటిమాట మీద కౌలు చేసేవాడి ఊసు ఈ కాగితాల్లో ఎక్కడా ఉండదు. సాగు ఆగితే మొదట వలస పోయేది అతనే.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో తెలుగులో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. కానీ రాసుకునేవాడికి తెలుగు రాకపోతే మీ మాట రెండు పదాలుగా మిగులుతుంది. మరాఠీలో రాసిన కాగితం చేతికిచ్చి, దాని మీద అందినట్టు ముద్ర తీసుకుని, ఆ తర్వాత తెలుగులో మాట్లాడండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఉండాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి. సభ ముగిశాక అక్కడి చర్చ సారాంశం చదివి వినిపించాలి. మీరన్నది అందులో లేకపోతే అప్పుడే లేచి అడగాలి.

జిల్లాకు వచ్చే గని నిధితో ఊరికి నీళ్లు తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. 2015 నుంచి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఉంది. పాత లీజుల గనులు రాయల్టీకి 30 శాతం, వేలంలో వచ్చినవి 10 శాతం అదనంగా అందులో కట్టాలి. తాగునీరు, ఆరోగ్యం ఈ నిధి మొదటి వరుస ఖర్చులు. నిధి నుంచి ట్యాంకరు అడగవద్దు, పైపులైను అడగండి. ట్యాంకరు ఎన్నికల ఏడాది తర్వాత రాదు.

మేము నదికి ఇవతల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నాం. ఇదంతా మాకెందుకు?

పెన్‌గంగను కలుపుకున్న వార్ధా మీ గట్టునే తాకుతూ వచ్చి, వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అయి గోదావరిలో చేరుతుంది. అవతల నాలాలో వదిలిన నీరు మీ ఎత్తిపోతల పంపు దగ్గరికే వస్తుంది. భూగర్భ జలం విషయంలో మాత్రం మీకు కొంత ధీమా ఉంది. నది ఎప్పుడూ నీటితో ఉన్నంత కాలం అవతలి గని గరాటు నది నుంచే నీరు లాక్కుంటుంది, ఇవతలికి పాకడం తగ్గుతుంది. ఎండాకాలంలో నది పాయలుగా చీలి ఇసుక తేలిన నెలల్లో ఆ అడ్డు బలహీనపడుతుంది. కాబట్టి ఇవతలి ఒడ్డు బావులకు కొలత పుస్తకం మొదలుపెట్టడానికి తగిన నెల ఏప్రిల్. అవతలి ఒడ్డున మహారాష్ట్ర సంస్థ కొలుస్తుంది, ఇవతల తెలంగాణ భూగర్భ జల శాఖ కొలుస్తుంది. రెండు కార్యాలయాలకూ ఒకే దరఖాస్తు, ఒకే గ్రామాల జాబితాతో పంపండి.